వంశవృక్షం మొదలుపెట్టాను, ముత్తాత దగ్గరే ఆగిపోయింది. ఎక్కడ వెతకాలి?

పటమట_కుర్రాడు
మా ఇంటి వంశవృక్షం రాద్దామని కూర్చున్నాను. నాన్న, తాతయ్య, తాతయ్య వాళ్ళ నాన్న, అంతే. ఆ పైన ఎవరో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఫోన్లో ఒక యాప్ వేసుకుంటే అది ప్రతి మనిషికీ పుట్టిన తేదీ అడుగుతోంది. మా నాయనమ్మకి తన పుట్టినరోజే తెలియదు. ఏదడిగినా "ఉప్పెన వచ్చిన ఏడు మీ నాన్న ఏడో క్లాసు" అంటుంది. విదేశీ వెబ్‌సైట్లలో మా ఇంటిపేరు కొడితే అమెరికాలో స్థిరపడ్డవాళ్ళు తప్ప ఎవరూ రావడం లేదు.

మాది తెనాలి దగ్గర పల్లె. తాతయ్య హయాంలోనే బెజవాడ వచ్చేశాం. ఊళ్ళో ఇప్పుడు ఇల్లూ లేదు, పొలమూ లేదు. దాయాదులకి ఫోన్ చేసి పాత పేర్లు అడిగితే "ఇప్పుడెందుకురా, కాగితాలేమన్నా బయటపడ్డాయా?" అంటున్నారు. ఆస్తి కోసం ఆరా తీస్తున్నానని అనుమానం. ఈ పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే దారి చెప్పండి.

బ్రాడీపేట_నాలుగో_లైను
యాప్ పక్కన పెట్టు తమ్ముడూ. నాయనమ్మ ఉన్నారుగా, ముందు ఆవిడ పక్కన కూర్చో. కాగితాలు ఎక్కడికీ పోవు. పెద్దవాళ్ళ జ్ఞాపకం అలా కాదు.

పాత_దస్తావేజు
కాగితాలు ఎక్కడికీ పోవని ఎలా అంటారండీ? 2024 బుడమేరు వరదకి సింగ్‌నగర్‌లో మా బంధువుల ట్రంకుపెట్టె నీళ్ళలో మునిగింది. మూడు తరాల దస్తావేజులు ముద్దయిపోయాయి. ఎండబెట్టినా అక్షరం మిగల్లేదు.

ఇంకో సంగతి. పెద్దవాళ్ళ మాటల్లో మనుషులు కలిసిపోతారు. తాత పేరు మనవడికి పెట్టడం మన అలవాటు కదా, మా ఇంట్లో ఒకటి విడిచి ఒక తరంలో వెంకటసుబ్బయ్యలే. చెరువు గట్టు మీద తోట కొన్నది మా తాత అని అందరూ చెప్పేవాళ్ళు. దస్తావేజు తీస్తే కొన్నది తాతకి తాత. ముందు కాగితం, తర్వాతే మాట.

బ్రాడీపేట_నాలుగో_లైను
ఏ ఊళ్ళో, ఎవరి పేరు మీద, ఏ కాగితం వెతకాలో చెప్పేది ఆ మాటే కదండీ. తోట ఉందని మీకు ఎవరో చెప్పబట్టే దస్తావేజు తీశారు.

పాత_దస్తావేజు
అది మాత్రం ఒప్పుకుంటాను.

తెనాలి_అమ్మాయి
నాయనమ్మని ఎలా అడగాలో కూడా తెలియాలి. "మీ మామగారి పేరేంటి, ఆయన నాన్న పేరేంటి" అని వరసపెట్టి అడిగితే పరీక్షలో కూర్చున్నట్టు బిగుసుకుపోతారు. మా అమ్మమ్మ దగ్గర నాకు పనికొచ్చింది వేరే పద్ధతి. పెళ్ళి ఫొటో ఆమె చేతిలో పెట్టి, "ఈ చీర ఎవరు తెచ్చారు? బండ్లు ఎక్కడ విప్పారు? విడిది ఎవరింట్లో?" అని అడిగాను. విడిది ఇచ్చినాయన వరసకి ఏమవుతాడో చెప్పబోయి ఒక కొమ్మ మొత్తం చెప్పేసింది.

మీకు ఎదురయ్యే ఇంకో చిక్కు ఉంది. ఆ తరం ఆడవాళ్ళు మొగుడి పేరు, మామగారి పేరు పలకరు. మా అమ్మమ్మ అసలు పలకదు. తాతయ్య పేరు ఫోన్లో రికార్డవ్వాలని ఎంత బతిమాలినా, "మంగళగిరిలో బెల్లం నీళ్ళు సగం తాగి సగం మనకిచ్చే సామి" అంది. పానకాలు. మామగారిని అడిగితే "నరసరావుపేట అవతల కొండ తిరునాళ్ళ దేవుడు" అంది. కోటయ్య. పేరు పలకమని పట్టుబట్టకండి, ఆమె చెప్పిన తీరునే రికార్డు చేసుకోండి. నాకైతే పేరు కంటే ఆ గొంతే ఎక్కువ విలువ.

ఒకే రోజు గంటలు గంటలు కూర్చోబెట్టొద్దు. మధ్యాహ్నం టీ వేళ కాసేపు చాలు.

మిర్చియార్డు_మామ
మా నాయనమ్మకి "ఏడుకొండలవాడు" అంటే సరిపోయేది. కాకపోతే మా ఇంట్లో ఏడుకొండలవాళ్ళు నలుగురు!

రేపల్లె_ప్యాసింజర్
ఇంట్లో చదివింపుల పుస్తకాలు ఉన్నాయేమో వెతుకు. ఎవరూ వీటిని పట్టించుకోరు గానీ నాకు వీటిని మించింది దొరకలేదు. మా మేనత్త పెళ్ళిది, 1968 నాటిది, నా దగ్గరుంది. పొడుగాటి లెక్కల పుస్తకం, అట్టకి పసుపు మరక, మొదటి పేజీ పైన "శుభం". కింద ఊరి పేరు, మనిషి పేరు, చదివించింది. దుగ్గిరాల చిన్న మేనమామ గారు, రూపాయలు 51, ఇత్తడి బిందె. కొల్లిపర తోడల్లుడు గారు, రూపాయలు 11. ఇలా పేజీలకి పేజీలు.

ఒక్కో పెళ్ళి పుస్తకం ఆ రోజుకి మన చుట్టరికం మొత్తానికి హాజరు పట్టీ. మా ఇంట్లో మూడు పెళ్ళిళ్ళ పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి రెండింటిలో ఉండి మూడోదాంట్లో లేని ఊరు ఒకటి కనిపించింది. ఎందుకు రాలేదని మా అత్తని అడిగితే, చెరుకు గానుగ దగ్గర మొదలైన తగాదా, దాంతో విడిపోయిన ఒక అన్నదమ్ముల కుటుంబం బయటికొచ్చాయి. వాళ్ళ పిల్లలు ఇప్పుడు ఒంగోలులో ఉన్నారు. పోయినేడు మా ఇంటికి భోజనానికి వచ్చారు.

మిర్చియార్డు_మామ
బిందె అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. అటక మీద పాత ఇత్తడి, రాగి సామాను ఉంటే బోర్లించి, తిప్పి చూడండి. ఆడపిల్లకి సారె పెట్టేటప్పుడు చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించేవాళ్ళు, కొన్నిటి మీద తేదీ కూడా. చింతపండుతో తోమితే అక్షరాలు తేలతాయి. నిచ్చెన పట్టుకోవడానికి మాత్రం ఒకళ్ళని పెట్టుకోండి.

పంచాంగం_ప్రియుడు
తేదీల గురించి. నాయనమ్మ ఉప్పెన అంటున్నది దివిసీమ ఉప్పెన అయితే అది 1977 నవంబరు 19. ఆ ఏడు ఏడో క్లాసు అంటే మీ నాన్నగారు 1964, 65 ప్రాంతంలో పుట్టి ఉంటారు. యాప్‌లో "సుమారు 1965" అని రాసుకోండి, దాదాపు అన్ని యాప్‌లూ తీసుకుంటాయి. స్కూల్లో వేసిన తేదీ మాత్రం వేరే గడిలో పెట్టండి. ఆ రోజుల్లో బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వయసు సరిపోయేలా ఏదో ఒక తేదీ వేసేవారు.

పాత జాతకాల్లో, పెళ్ళి లగ్నపత్రికల్లో సంవత్సరం పేరు ఒక్కటే ఉంటుంది. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై, తిరిగి తిరిగి వస్తాయి. నందన అంటే 1952-53 కావచ్చు, 1892-93 కావచ్చు, 1832-33 కావచ్చు. ఆ 1832-33 నందనే గుంటూరు సీమని ఊడ్చేసిన డొక్కల కరువు. "నందన కరువులో ఫలానా ఊరు వదిలి వచ్చాం" అని మీ పెద్దలు చెబితే అది దాదాపు రెండు వందల ఏళ్ళ నాటి మాట. ధాత కరువు అంటే 1876-77. ఉగాది మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరి పుట్టుకలకి రెండో అంకె తీసుకోవాలి, నందనలో జనవరి అంటే 1953.

శిస్తు రశీదుల మీద ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. దానికి 590 కలపండి. ఫసలీ 1350 అంటే 1940 జులై నుంచి 1941 జూన్ దాకా.

పటమట_కుర్రాడు
ఇన్ని వస్తాయనుకోలేదు. ఈ ఆదివారం అటక ఎక్కుతాను. పాత దస్తావేజు గారూ, మా పేరు మీద పొలమే లేదు కదా, అలాంటప్పుడు భూమి కాగితాలు ఎలా దొరుకుతాయి?

పాత_దస్తావేజు
ఇప్పుడు లేకపోతే ఏం, తాతయ్య అమ్మి వచ్చి ఉంటారుగా. అమ్మినప్పుడు రాసిన దస్తావేజు కొన్నవాళ్ళ ఇంట్లో ఉంటుంది, దాని నకలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పట్టిక) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి ఆఫీసులో దరఖాస్తు పెట్టి పుస్తకాలు వెతికించుకోవాలి. సర్వే నంబరు తెలిస్తే సగం పని అయినట్టే.

పాత దస్తావేజులో ఏముంటుందో తెలుసా? ఫలానా గ్రామ కాపురస్తులు, ఫలానా వారి కుమారుడు, వృత్తి, వయసు. "నా పిత్రార్జితమై, భాగ పంపకాల్లో నా వంతుకు వచ్చి" అని ఆస్తి ఎలా సంక్రమించిందో కూడా రాస్తారు. హద్దులు చెప్పేచోట తూర్పున, పడమరన ఉన్నవి చాలాసార్లు అన్నదమ్ముల పొలాలే. సాక్షి సంతకాలు కూడా చూడాలి, బావమరిదో తోడల్లుడో ఉంటాడు.

దీన్ని మించింది భాగపరిష్కారం దావా. మీ ఇంట్లో ఎప్పుడైనా పంపకాల కోసం కోర్టుకెక్కి ఉంటే, దావా కాగితంలోనే వంశవృక్షం గీసి పెడతారు. ఎవరికి ఎవరు పుట్టారు, ఎవరు నిస్సంతుగా పోయారు, ఎవరిని దత్తత ఇచ్చారు, అన్నీ. అన్నదమ్ములు కొట్టుకుంటే బాధే గానీ, మనవడికి మాత్రం పేర్లు మిగులుతాయి.

జిల్లా_సరిహద్దు
ఆఫీసులకి వెళ్ళేముందు ఒకటి చూసుకోండి. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. 1859 నుంచి అప్పటిదాకా ఇదంతా కృష్ణా జిల్లా కిందే ఉంది. 1904లో నెల్లూరు నుంచి వచ్చిన ఒంగోలు 1970లో వేరే జిల్లాకి పోయింది. 2022లో మళ్ళీ పల్నాడు, బాపట్ల, ఎన్టీఆర్ జిల్లాలు విడిపోయాయి. మీ ఊరు కదల్లేదు, రికార్డు మాత్రం నాలుగు చోట్లకి కదిలి ఉండొచ్చు. 1859కీ 1904కీ మధ్యది ఏదైనా కృష్ణా జిల్లా పేరు మీద వెతకండి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి పెద్ద రికార్డులు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

పుట్టుక, చావు నమోదు సంగతి: మద్రాసు చట్టం 1899ది, ఇప్పుడున్న కేంద్ర చట్టం 1969ది. పల్లెల్లో ఇవి గ్రామాధికారులు రాసేవాళ్ళు. 1984లో కరణం, మునసబు వ్యవస్థ రద్దయింది, ఆ వెంటనే మండలాలు వచ్చాయి. ఆ చేతులు మారడంలో చాలా పుస్తకాలు చెల్లాచెదురయ్యాయి. పట్టణంలో పుట్టినవాళ్ళయితే ఆశ ఎక్కువ. గుంటూరు మునిసిపాలిటీ 1866 నాటిది, బెజవాడది 1888 నాటిది.

పాత_కరణం_మనవడు
చెల్లాచెదురు నిజమే. మా తాతగారు 1984లో పుస్తకాలన్నీ అప్పజెప్పి రశీదు తీసుకున్నారు. ఆ రశీదు మా ఇంట్లో ఇంకా ఉంది. పుస్తకాలు ఏమయ్యాయని నేను అడిగితే ఆఫీసులో ఎవరూ చెప్పలేకపోయారు.

ఇనాం భూములు, అంటే సేవకో గౌరవంగానో పాలకులు ఇచ్చిన భూములు, ఉన్న ఇళ్ళయితే ఒక మాట. 1858లో మొదలైన ఇనాం కమిషన్ ఊరూరా తిరిగి ఎవరి ఇనాం ఎవరి నుంచి వచ్చిందో విచారించి రిజిస్టర్లు రాసింది. అప్పుడు అనుభవిస్తున్నవాళ్ళ పేర్లు, వయసులు, మొదట ఇనాం పొందిన మనిషితో చుట్టరికం అందులో ఉంటాయి. ఇవి బ్రాహ్మణులకి, గుళ్ళకి మాత్రమే అనుకోవద్దు. చాకలి, మంగలి, కంసాలి, వెట్టి, ఇలా ఊరికి పనిచేసిన చాలా ఇళ్ళకి సేవా ఇనాం ఉండేది. తమకి రాతపూర్వకమైన చరిత్ర లేదనుకునే ఇళ్ళవాళ్ళు ముందు అక్కడ చూడాలని నా కోరిక.

అమరావతి_రోడ్డు
ఇదంతా ఎందుకండీ, మా సంఘం వాళ్ళు వేసిన పుస్తకం ఉంది. మా ఇంటిపేరు వాళ్ళంతా కాకతీయుల సేనానుల సంతతి అని వంశావళితో సహా ఇచ్చారు. మీ కులం వాళ్ళదీ ఉంటుంది, అది తెచ్చుకుంటే పని అయిపోతుంది.

బ్రాడీపేట_నాలుగో_లైను
అందులో మీ తాతగారి పేరు ఉందా?

అమరావతి_రోడ్డు
తాతగారి పేరు లేదు. మూలపురుషుడి పేరు ఉంది.

బ్రాడీపేట_నాలుగో_లైను
మూలపురుషుడికీ తాతకీ మధ్య ఇరవై తరాలుంటాయి. ఆ ఇరవై మంది పేర్లు తెలిస్తేనే కదా వంశవృక్షం. కింద నుంచి పైకి వెళ్ళాలి. పైనుంచి దిగితే ఎవరికి నచ్చిన రాజు దగ్గర వాళ్ళు మొదలుపెడతారు.

అమరావతి_రోడ్డు
పెద్దవాళ్ళు ఊరికే రాస్తారా? ఎంతో పరిశోధన చేశారు.

వేదిక_నిర్వాహకుడు
ఏ కులం ఎవరి సంతతి అన్న చర్చ ఇక్కడితో ఆపుదాం. ఎలా వెతకాలన్నదే మాట్లాడండి.

కొలకలూరు_పంతులు
తద్దినాలు పెట్టే ఇళ్ళయితే మూడు తరాల పేర్లు గోత్రంతో సహా నోటికొచ్చి ఉంటాయి. తండ్రి, తాత, ముత్తాత. తల్లి వైపు కూడా. మహాలయ పక్షాల్లో, పుష్కరాల్లో పినతండ్రులు, మేనమామలు, అత్తలు, అందరినీ తలుస్తాం కాబట్టి పురోహితుడి దగ్గర రాసిన చీటీ ఉంటుంది. మీ ఇంటి పురోహితుడి వారసుడు ఎవరో కనుక్కోండి. మా నాన్నగారి నోటుపుస్తకాల్లో యజమానుల పితృదేవతల పేర్లు ఇంటింటికీ ఉన్నాయి. కొడుకులు పిండాలు పెట్టడం మానేసిన ఇళ్ళవి కూడా దాచాను.

మీ వాళ్ళెవరైనా గయ వెళ్ళి ఉంటే అక్కడి పండాల దగ్గర యాత్రికుల పుస్తకాలుంటాయి. ఊరు పేరు, జిల్లా చెబితే వెతికి తీస్తారు. జిల్లా అంటే పాత జిల్లా చెప్పాలి.

ఏసీ_కాలేజీ_బ్యాచ్
మావి తద్దినాలు లేని ఇళ్ళు. మా ముత్తవ్వ వైపు లూథరన్లు. గుంటూరులో హేయర్ దొర మిషన్ పెట్టింది 1842లో. పాత సంఘాల్లో బాప్తిస్మం, పెళ్ళి, సమాధి రిజిస్టర్లు ఉంటాయి. మా సంఘం పుస్తకంలో ముత్తవ్వ బాప్తిస్మం పేరు పక్కనే, అంతకు ముందున్న పేరు కూడా రాసుంది. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ వినలేదు. మా అమ్మ దాన్ని చదివి చాలాసేపు మాట్లాడలేదు.

ఒంగోలు వైపు బాప్తిస్టులైతే 1878 ప్రాంతం నుంచి చూడండి. ధాత కరువు తర్వాత ఒక్క జులై 3నే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పాస్టరు గారిని ఆదివారం ఆరాధన అయ్యాక అడగండి. రిజిస్టరు ఇంటికి ఇవ్వమనొద్దు, అక్కడే కూర్చుని రాసుకుంటానని చెప్పండి.

లాలాపేట_అన్న
మా వాళ్ళకి ఖాజీ దగ్గర నికా రిజిస్టర్. పెళ్ళికొడుకు తండ్రి పేరు, పెళ్ళికూతురి తండ్రి పేరు, వకీలు (పెళ్ళికూతురి తరఫున మాట్లాడే మనిషి), సాక్షులు, మెహర్ ఎంత, అన్నీ ఉంటాయి. పాతవి ఉర్దూలో ఉంటాయి. చదివిపెట్టే పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్ళాలి. ఖబరస్తాన్‌లో రాళ్ళు కూడా చూడండి, హిజ్రీ సంవత్సరం ఉంటుంది.

నిడుబ్రోలు_అక్క
ఇంతసేపూ చదువుతున్నాను. తండ్రి, తాత, ముత్తాత. కుమారుడు, కుమారుడి కుమారుడు. మా ఇంట్లో మా బాబాయి ఎంతో శ్రమపడి వంశవృక్షం పుస్తకం వేయించాడు. నాలుగు తరాల మగవాళ్ళందరూ ఉన్నారు. కోడళ్ళకి "భార్య" అని గడి ఉంది, కొన్నిట్లో పేరుంది, కొన్నిట్లో గీత ఉంది. ఆడపిల్లలు లేరు. నేను లేను, మా అక్క లేదు. పొలం అమ్మి తమ్ముళ్ళని చదివించి, పెళ్ళే చేసుకోకుండా ఆ ఇంటిని నిలబెట్టిన మా పెద్ద మేనత్త లేదు. ఆవిడ లేకపోతే పుస్తకం వేయించిన బాబాయికి చదువే లేదు.

పటమట తమ్ముడూ, నువ్వు ఇప్పుడే మొదలుపెడుతున్నావు కాబట్టి అడుగుతున్నా. ప్రతి ఆడమనిషికీ పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు, అమ్మ పేరు రాయి. కూతుళ్ళ కొమ్మల్ని కూడా కిందికి దించు.

అమరావతి_రోడ్డు
అక్కా, కూతుళ్ళ కొమ్మలు కూడా పెడితే అది వంశం ఎలా అవుతుంది? వేరే గోత్రంలోకి వెళ్ళిపోయారుగా. చెట్టు అంతూపొంతూ లేకుండా పెరిగిపోతుంది.

నిడుబ్రోలు_అక్క
పెరగనివ్వండి. చెట్టు అన్నాక పెరగాలిగా.

తెనాలి_అమ్మాయి
అక్క చెప్పిందానికి ఒక లాభం కూడా ఉంది. నాకు మగవాళ్ళ వైపు నుంచి దారి మూసుకుపోయినప్పుడల్లా ఆడవాళ్ళ పుట్టిళ్ళ నుంచే తెరుచుకుంది. అల్లుడి వంశం గురించి వియ్యంకుల ఇంట్లో బాగా గుర్తుంటుంది, పిల్లనిచ్చేముందు ఆరా తీస్తారు కదా.

పాత_దస్తావేజు
రికార్డుల్లో ఆడపిల్లలు దొరకడం కష్టమన్నది నిజం. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్ళికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది, దేశమంతటా కూతుళ్ళందరికీ 2005లో వచ్చింది. ఆ తర్వాతి పంపకాల కాగితాల్లో కూతుళ్ళ పేర్లు కనిపిస్తాయి. అంతకు ముందువాళ్ళ కోసం పసుపు కుంకుమ కింద రాసిచ్చిన దస్తావేజులు చూడండి. నేనూ ఇంతవరకు మా చార్టులో కూతుళ్ళని కిందికి దించలేదు. ఈ వారం దించుతాను.

కృష్ణలంక_కోడర్
సాఫ్ట్‌వేర్ సంగతి ఎవరూ చెప్పలేదు. గ్రాంప్స్ ఉచితం, కంప్యూటర్లో పెట్టుకోవచ్చు, తెలుగులో పేర్లు రాయొచ్చు. వివరాలన్నీ మన దగ్గరే ఉంటాయి. ఫ్యామిలీసెర్చ్ కూడా ఉచితమే, కాకపోతే ఆన్‌లైన్. ఏది వాడినా జెడ్‌కామ్ (GEDCOM, వంశవృక్షాల వివరాలు దాచే ఫైలు రకం) ఫైలుగా బయటికి తీసుకునే వీలుందో లేదో ముందే చూసుకోండి. రేపు ఆ కంపెనీ మూతపడినా పేర్లు మీ దగ్గర ఉండాలి.

మన ఇళ్ళలో మేనరికాలు ఎక్కువ. అక్క కూతుర్ని చేసుకుంటే, పుట్టిన పిల్లలకి ఆ అక్క మేనత్తా, అమ్మమ్మా అవుతుంది. ఒకే మనిషి రెండు చోట్ల వస్తారు. కొత్త మనిషిగా రెండోసారి ఎక్కించకండి, ఉన్న మనిషికే రెండో చుట్టరికం కలపండి. కాగితం మీద గీస్తే గీతలు అడ్డదిడ్డంగా వస్తాయి, అది తప్పు కాదు.

బతికి ఉన్నవాళ్ళ పుట్టిన తేదీలు, ఆధార్లు ఆన్‌లైన్లో బహిరంగంగా పెట్టొద్దు. అమ్మ పుట్టింటి ఇంటిపేరు కొన్ని బ్యాంకులు భద్రతా ప్రశ్నగా అడుగుతాయి.

మిర్చియార్డు_మామ
మేనత్తా అమ్మమ్మా ఒక్కరే అయితే పండక్కి రెండు జతల బట్టలు రావాలి న్యాయంగా!

గంగావతి_క్యాంపు
మాది ఇప్పుడు కర్ణాటక, తుంగభద్ర ఆయకట్టు. తాతలు పొన్నూరు వైపు నుంచి ఇక్కడ భూములు చౌకని వచ్చేశారు. ఇలాంటి క్యాంపులు గంగావతి, సింధనూరు చుట్టుపక్కల బోలెడు. నిజామాబాద్ వైపూ ఇలాగే వెళ్ళారు. మీ చదివింపుల పుస్తకంలో హఠాత్తుగా మాయమైన పేర్లుంటే ఒకసారి ఇటు వైపు అడగండి. మా క్యాంపులో పెద్దవాళ్ళకి వదిలేసి వచ్చిన ఊరి వీధులు ఇల్లిల్లూ గుర్తున్నాయి. అక్కడే ఉన్నవాళ్ళు మర్చిపోయినవి కూడా వీళ్ళు చెబుతారు.

వడ్లపూడి_విద్యార్థి
మా ఊరికి ఇదివరకు పిచ్చుకుంట్లవాళ్ళు వచ్చి గోత్రాలు చెప్పేవారని నాన్న అంటాడు. వాళ్ళు ఇంకా ఉన్నారా?

పాత_కరణం_మనవడు
ఉన్నారు, ఇప్పుడు వంశరాజ్ అంటారు. ఇంటిపేరు చెబితే గోత్రం, పాత ఊళ్ళు పాటలా చెప్పేవారు. ఇలా చాలా కులాలకి చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. పద్మశాలీలకి సాధనాశూరులు, మాదిగలకి డక్కలివాళ్ళు. కొత్త తరం ఈ పనిలోకి రావడం లేదు. ఎవరైనా ఎదురైతే పాడించుకుని రికార్డు చేయండి, వాళ్ళ పేరు కూడా రాయండి, సంభావన బాగా ఇవ్వండి.

పేరు_చెప్పను
ఒక సందేహం. వెతుకుతుంటే మా తాతగారికి మా నాయనమ్మ కంటే ముందు ఇంకో భార్య ఉన్నట్టు తెలిసింది. ఒక బిడ్డ కూడా. ఇంట్లో ఎవరూ ఈ మాట ఎత్తరు. చెట్టులో పెట్టాలా వద్దా?

పాత_దస్తావేజు
ఆధారం ఉంటే పెట్టాలి. లేకపోతే చెట్టు అబద్ధం అవుతుంది.

నిడుబ్రోలు_అక్క
పెట్టాలి, కానీ ముందు మీ నాన్నగారితో ఒంటరిగా మాట్లాడండి. నలుగురి ముందు చార్టు మీద చూసి తెలుసుకోకూడదు ఆయన. ఆ బిడ్డ వాళ్ళు ఎవరైనా బతికుంటే వాళ్ళ ఇష్టం కూడా కనుక్కోవాలి. అంతవరకు మీ పుస్తకంలో మీ కోసం రాసి ఉంచండి.

తెనాలి_అమ్మాయి
అక్క మాటే నాదీ. దత్తతలకీ ఇదే. కన్నవాళ్ళ గీత, పెంచినవాళ్ళ గీత, రెండూ గీయండి.

పటమట_కుర్రాడు
అటక ఎక్కాను. నిచ్చెన చెల్లి పట్టుకుంది. రెండు బిందెలు, ఒక గంగాళం. గంగాళం మీద చుక్కల అక్షరాలున్నాయి. తోమితే నాయనమ్మ వాళ్ళ అమ్మ పేరు, పుట్టింటి ఇంటిపేరు, ఊరు చేబ్రోలు అని వచ్చింది. నాయనమ్మకి చూపిస్తే చేత్తో తడిమి, "ఇది మా అమ్మమ్మ పెట్టింది" అని ఆవిడ పేరు, ఆవిడ అన్నదమ్ముల పేర్లు గబగబా చెప్పింది. తాతయ్య వైపు ఇంకా అక్కడే ఉంది గానీ, నాయనమ్మ వైపు ఒక్క పూటలో రెండు తరాలు పైకి వెళ్ళాను. దాయాదులకి కూడా ఆ గంగాళం ఫొటో పంపాను. ఆస్తి అనుమానం పోయినట్టుంది, ఒక పెదనాన్న తిరిగి ఫోన్ చేసి వాళ్ళింట్లో పాత శిస్తు రశీదులున్నాయన్నాడు.

పంచాంగం_ప్రియుడు
రశీదు మీద ఫసలీ, పట్టా నంబరు, పట్టాదారు పేరు వెంటనే ఫొటో తీసి పంపమనండి. పట్టాదారు పేరు తాతయ్య వాళ్ళ నాన్నగారి కంటే ముందువాళ్ళది అయితే మీ పని అయినట్టే.

తెనాలి_అమ్మాయి
మీ ఊరి పేరు నాకు మెసేజ్ పెట్టండి. మా వైపే అయితే అక్కడ పాత కరణం గారి అబ్బాయి ఒకాయన నాకు తెలుసు, ఎనభై దాటాయి, ఊళ్ళో ఏ ఇల్లు ఎవరిదో నోటితో చెబుతారు. మధ్యాహ్నం పడుకుంటారు, నాలుగు దాటాక వెళ్ళండి. నాయనమ్మ ప్రయాణం చేయగలిగితే ఆవిడని కూడా తీసుకెళ్ళండి, ఇద్దరూ కలిస్తే మీరు అడగాల్సిన పనే ఉండదు.

పటమట_కుర్రాడు
మెసేజ్ పెట్టాను. నాయనమ్మ వస్తానంటోంది, కారులో ముందు సీటు కావాలట. దారిలో చేబ్రోలు కూడా చూపించమంటోంది.